పాత ఎస్‌జీఎమ్‌ఎల్ మాన్యువళ్లను ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోకి మార్చాలి: మూలనున్న టూల్స్ పనికొస్తాయా?

సుధ_డాక్స్ (ఎలక్ట్రానిక్ సిటీ)

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో టెక్నికల్ రైటర్‌ని. మా మాన్యువళ్లన్నీ డాక్‌బుక్‌లోనే (టెక్నికల్ పుస్తకాలు రాసే ట్యాగుల పద్ధతి) ఉన్నాయి. కాకపోతే ఎక్స్‌ఎమ్‌ఎల్ డాక్‌బుక్ కాదు, అంతకుముందరి ఎస్‌జీఎమ్‌ఎల్ డాక్‌బుక్ (రెండూ టెక్స్ట్‌కి ట్యాగులు పెట్టే ప్రమాణాలే). 2001 ప్రాంతంలో ఎవరో ఏర్పాటు చేసి వెళ్లిపోయారు. సర్వర్ రూంలో ఒక పాత లినక్స్ మెషీన్ ఉంది. అందులో జేడ్ (ఎస్‌జీఎమ్‌ఎల్‌ని పేజీలుగా మార్చే ప్రోగ్రాం) నడిపితే, టెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రాం మీదుగా పీడీఎఫ్ బయటికొస్తుంది. ఎలా వస్తుందో ఎవరికీ తెలీదు, అందుకే ఎవరూ దాన్ని ముట్టుకోరు.

ఇప్పుడు ఒక కస్టమర్ సోర్స్ ఫైళ్లు డాక్‌బుక్ 5 ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోనే కావాలన్నారు. మా మేనేజర్ దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, బయటి వెండర్‌కి మొత్తం అప్పజెప్పడం (కొటేషన్ చూసి ఆయనే నీళ్లు తాగారు). రెండోది, టీంలోని కుర్రాళ్లు స్క్రిప్టు రాసి మార్చేయడం. ఆ పాత మెషీన్‌లో ఎన్‌ఎస్‌జీఎమ్‌ఎల్‌ఎస్, ఎస్‌ఎక్స్ అని ఏవో కనిపించాయి. వాటితో ఏమైనా లాభం ఉంటుందా, లేక కాలం చెల్లిన సరుకేనా?

ఇది కాక పాత హెచ్‌టీఎమ్‌ఎల్ 4లో రాసిన హెల్ప్ సైట్ ఒకటి ఉంది. దాని సంగతి తర్వాత అడుగుతా.

రెగెక్స్_రాజు (బీటీఎం)

ఇంత టెన్షన్ ఎందుకండీ? ఎస్‌జీఎమ్‌ఎల్ అయినా ఎక్స్‌ఎమ్‌ఎల్ అయినా యాంగిల్ బ్రాకెట్లేగా. ట్యాగులన్నీ చిన్నక్షరాల్లోకి మార్చండి, యాట్రిబ్యూట్లకు కోట్స్ పెట్టండి, మూయనివి మూసేయండి. పైథాన్‌లో ఒక సాయంత్రం పని. ఆ పాత మెషీన్‌ని ఎస్పీ రోడ్డులో ఎవరికైనా అమ్మేస్తే టీ ఖర్చులు వస్తాయి.

పాతపెట్టె (జయనగర్)

రాజుగారూ, "మూయనివి మూసేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కష్టమంతా అందులోనే ఉంది. దేన్ని ఎక్కడ మూయాలో ఎలా తెలుస్తుంది?

ఎస్‌జీఎమ్‌ఎల్ 1986లో ఐఎస్ఓ 8879 పేరుతో వచ్చిన ప్రమాణం. అప్పట్లో మనుషులు చేత్తో టైపు చేస్తారన్న లెక్కతో దాన్ని తయారుచేశారు. అందుకని టైపింగ్ తగ్గించే సౌకర్యాలు బోలెడు పెట్టారు. డీటీడీ (ఏ ట్యాగు ఎక్కడ రావచ్చో చెప్పే నియమాల ఫైలు) ఒప్పుకుంటే ముగింపు ట్యాగు రాయక్కర్లేదు. పేరు లేకుండా లెస్‌దన్, స్లాష్, గ్రేటర్‌దన్ మూడే రాసినా చాలు, చివరగా తెరిచిన ట్యాగు మూసుకుంటుంది. కొన్ని చోట్ల యాట్రిబ్యూట్ పేరే రాయకుండా విలువ మాత్రం రాయొచ్చు. మార్క్డ్ సెక్షన్ పెట్టి ఒక పేరా మొత్తాన్ని "ఈసారికి వద్దు" అనొచ్చు. ఆ వద్దనేదాన్ని కూడా పైనెక్కడో ఒక పేరామీటర్ ఎంటిటీ (పేరు పెట్టి దాచుకున్న విలువ) నిర్ణయిస్తుంది. ఇవన్నీ డీటీడీని చదివి, దాని ప్రకారం నడిచే పార్సర్‌కే (ఫైలు నిర్మాణాన్ని చదివే ప్రోగ్రాంకే) అర్థమవుతాయి. ఫైలును అక్షరాల వరసగా చూసే రెగెక్స్‌కి (అక్షరాల నమూనాలు వెతికి మార్చే పద్ధతికి) అర్థం కావు.

1998 ఫిబ్రవరిలో ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 వచ్చినప్పుడు ఈ సౌకర్యాలన్నీ కావాలనే తీసేశారు. డీటీడీ లేకపోయినా ఫైలు నిర్మాణం తెలియాలన్నది అప్పటి పట్టుదల. కాబట్టి సుధగారి పని ట్యాగుల వేషం మార్చడం కాదు. ఇన్నాళ్లూ డీటీడీలో దాగున్న సమాచారాన్ని బయటికి తీసి ఫైల్లో రాయాలి. అది తీయగలిగినవి ఆ మూలనున్న టూల్సే.

సుధగారూ, మీరు చూసిన ఎన్‌ఎస్‌జీఎమ్‌ఎల్‌ఎస్, ఎస్‌ఎక్స్ రెండూ జేమ్స్ క్లార్క్ రాసిన ఎస్పీ అనే పార్సర్ కుటుంబంలోవి (రాజుగారి ఎస్పీ రోడ్డు వేరు). జేడ్ కూడా ఆయనదే. ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని తయారుచేసిన బృందానికి సాంకేతిక సారథి కూడా ఆయనే, ఆ పేరు పెట్టిందీ ఆయనే. అంటే పాత ప్రమాణానికి గట్టి పార్సర్ రాసిన మనిషే కొత్తదాన్ని రూపొందించినవాళ్లలో ఉండి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటే పనిముట్టు కూడా ఇచ్చాడు. ఆ పనిముట్టే ఎస్‌ఎక్స్. ఎస్‌జీఎమ్‌ఎల్ ఇస్తే ఎక్స్‌ఎమ్‌ఎల్ తిరిగిస్తుంది.

ఆ మెషీన్ మీదే చేయక్కర్లేదు. డెబియన్ లినక్స్‌లో ఓపెన్‌ఎస్పీ (ఎస్పీకి తర్వాతి రూపం) ప్యాకేజీ ఇప్పటికీ దొరుకుతుంది. పేర్ల ముందు ఒక "ఓ" చేరుతుంది: ఓఎన్‌ఎస్‌జీఎమ్‌ఎల్‌ఎస్, ఓఎస్‌ఎక్స్, ఓఎస్‌జీఎమ్‌ఎల్‌నార్మ్. పాత డీటీడీలు డాక్‌బుక్ అనే ప్యాకేజీలో వస్తాయి.

మొదట మాన్యువల్ మీద ఓఎన్‌ఎస్‌జీఎమ్‌ఎల్‌ఎస్‌ని "ఎస్" ఆప్షన్‌తో నడపండి. అప్పుడది అవుట్‌పుట్ ఇవ్వదు, తప్పులు మాత్రం చెబుతుంది. ఆ తప్పులన్నీ పాత ప్రమాణంలో ఉండగానే సరిచేయండి. తప్పుల మీద మార్పు పెట్టుకుంటే రేపు ఏది పాత తప్పో, ఏది మార్పిడిలో పుట్టిందో తేల్చలేక తల పట్టుకుంటారు.

రెగెక్స్_రాజు

ఒప్పుకుంటున్నా సార్, మార్క్డ్ సెక్షన్ల సంగతి నాకు తట్టలేదు. కానీ పేరులేని ముగింపు ట్యాగుకి ఒక స్టాక్ పెట్టుకుంటే సరిపోదా?

పాతపెట్టె

స్టాక్ పెట్టండి. తర్వాత కామెంట్లలో ఉన్న ట్యాగుల్ని దాటేయడం నేర్పండి. తర్వాత సీడేటా సెక్షన్లు (లోపలి ట్యాగుల్ని ఒట్టి అక్షరాలుగా చూడాల్సినవి). తర్వాత ఎంటిటీ లోపల తెరిచి బయట మూసినవి. ఇన్నీ అయ్యాక చూసుకుంటే మీరు రాసింది ఎస్పీయే, కాకపోతే బగ్స్‌తో.

సుధ_డాక్స్

ధన్యవాదాలు సార్. ఓపెన్‌ఎస్పీ వేశాను. మొదటి పుస్తకానికే వందల కొద్దీ ఎర్రర్లు. మొదటిది డీటీడీ దొరకలేదని, మిగతావన్నీ దాని పిల్లలే అనుకుంటా.

పాతపెట్టె

అవును, పిల్లలే. ఎస్‌జీఎమ్‌ఎల్ క్యాటలాగ్ ఫైలు (ఏ డీటీడీ ఎక్కడుందో చెప్పేది) ఎక్కడుందో దానికి చెప్పాలి. ఎస్‌జీఎమ్‌ఎల్_క్యాటలాగ్_ఫైల్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో దాని దారి ఇవ్వండి. పాత మెషీన్‌లో జేడ్ నడిపే షెల్ స్క్రిప్టు తెరిస్తే ఆ వేరియబుల్ కచ్చితంగా కనిపిస్తుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ తయారుచేసేటప్పుడు ఓఎస్‌ఎక్స్‌కి "ఎక్స్‌లోయర్" ఆప్షన్ ఇవ్వడం మరిచిపోకండి. ఎస్‌జీఎమ్‌ఎల్‌లో మామూలుగా ట్యాగుల, యాట్రిబ్యూట్ల పేర్లకు పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేదు, పార్సర్ అన్నిటినీ పెద్దక్షరాలు చేసేస్తుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌కి ఆ తేడా ప్రాణం.

వైట్‌ఫీల్డ్_వాసు

నాది కొంచెం వ్యతిరేక స్వరం. ఓపెన్‌ఎస్పీ 1.5.2 వచ్చి ఎన్నేళ్లయిందో చూశారా? ఇలాంటి పాత కోడ్ మీద కంపెనీ డాక్యుమెంట్లు ఆధారపడటం రిస్క్ కాదా? ఈ రోజుల్లో ఏఐకి ఫైలు ఇస్తే నిమిషంలో డాక్‌బుక్ 5 ఇస్తుంది. నేను ప్రయత్నించాను, బాగానే ఇచ్చింది.

కడప_కిరణ్ (కోరమంగళ)

వాసన్నా, ఒక పేజీ ఇస్తే బాగానే ఇస్తుంది. నాలుగొందల పేజీల మాన్యువల్ ఇచ్చి చూడు. ఎక్కడో ఒక హెచ్చరికలో "చేయరాదు" అన్నది "చేయవచ్చు" అయిందో, ఒక టేబుల్ వరస ఎగిరిపోయిందో ఎవరు పట్టుకుంటారు? పాత కోడ్ అంటున్నావు గానీ, అది చదవాల్సిన ప్రమాణం 1986 నుంచి దాదాపు కదలలేదు. కదలని దాన్ని చదివే కోడ్‌కి ప్రతి ఏడాదీ కొత్త వెర్షన్ ఎందుకు?

ఇదే దారిలో పోయిన పెద్ద ప్రాజెక్ట్ ఒకటి చెప్తా. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్. వాళ్ల డాక్యుమెంటేషన్ ఏళ్ల తరబడి డాక్‌బుక్ ఎస్‌జీఎమ్‌ఎల్‌లోనే ఉండేది. పుస్తకం తయారయ్యేది జేడ్, డీఎస్‌ఎస్‌ఎస్‌ఎల్ స్టైల్‌షీట్లతో (పేజీ ఎలా కనిపించాలో చెప్పే నియమాలు), అచ్చం సుధ మేడంగారి మెషీన్‌లాగే. 2017లో వచ్చిన వెర్షన్ 10లో జేడ్ తీసేసి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి (ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని ఇంకో రూపంలోకి మార్చే భాష) వచ్చారు. కానీ సోర్స్ అప్పటికింకా ఎస్‌జీఎమ్‌ఎల్‌లోనే ఉంది! ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకేమో ఎక్స్‌ఎమ్‌ఎల్ తప్ప వేరేది రుచించదు. మరి ఎట్లా? మధ్యలో ఓఎస్‌ఎక్స్‌ని కూర్చోబెట్టారు. బిల్డ్ చేసిన ప్రతిసారీ ఎస్‌జీఎమ్‌ఎల్ అప్పటికప్పుడు ఎక్స్‌ఎమ్‌ఎల్ అవుతుంది, అక్కడినుంచి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ చూసుకుంటుంది. రాసేవాళ్ల పని ఆగలేదు. ఆ సందులో సోర్స్‌ని మెల్లగా శుభ్రం చేసుకుంటూ వచ్చారు. పేరులేని ముగింపు ట్యాగులన్నిటికీ పేర్లు పెట్టారు. 2018లో వచ్చిన వెర్షన్ 11 నాటికి సోర్స్ కూడా ఎక్స్‌ఎమ్‌ఎల్ అయిపోయింది, ఓఎస్‌ఎక్స్‌కి సెలవిచ్చారు. తమాషా ఏంటంటే, ఆ తర్వాత కూడా ఆ ఫైళ్ల పేర్ల చివర ఎస్‌జీఎమ్‌ఎల్ అనే ఉంచారు. లోపలున్నది ఎక్స్‌ఎమ్‌ఎల్!

నాకు ఇందులో నచ్చింది ఏంటంటే, ఓఎస్‌ఎక్స్‌ని ఒక్కసారి వాడి పారేయలేదు. కొన్నాళ్లు రోజువారీ బిల్డ్‌లోనే ఉంచుకున్నారు. కాబట్టి ఫలానా వారాంతంలో అంతా మారిపోవాలన్న ఒత్తిడి లేదు. సుధగారి టీం కూడా అదే చేయొచ్చు. కస్టమర్‌కి ఈ నెల నుంచే ఎక్స్‌ఎమ్‌ఎల్ పంపుతూ, లోపల ఎస్‌జీఎమ్‌ఎల్‌లోనే రాసుకుంటూ ఉండొచ్చు.

సుధ_డాక్స్

కిరణ్‌గారూ, ఇది మా మేనేజర్‌కి చూపించాను. మొహం వెలిగింది.

క్యాటలాగ్ ఇచ్చాక ఎర్రర్లు బాగా తగ్గాయి. ఓఎస్‌ఎక్స్ నడిపాను, ఎక్స్‌ఎమ్‌ఎల్ వచ్చింది. కానీ రెండు ఇబ్బందులు. ఒకటి, మేము ప్రోడక్ట్ పేరుని ఎంటిటీగా పెట్టుకున్నాం, కస్టమర్‌ని బట్టి పేరు మారుతుంది. వచ్చిన ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఆ ఎంటిటీ విప్పుకుపోయి అన్నిచోట్లా అసలు పేరే పడింది. రెండు, రైటర్లు రాసుకున్న కామెంట్లు మాయం. కస్టమర్‌కి పంపడానికి ఇది చాలు. కానీ రేపు మేం పనిచేయాల్సిన సోర్స్ ఇదే అయితే కష్టం.

ఈమాక్స్_తాతయ్య (మల్లేశ్వరం)

ఇన్నాళ్లకు నా అవసరం వచ్చింది. పార్సర్ అన్నాక ఎంటిటీ విప్పుతుంది, దాని ధర్మం అది. బిల్డ్‌కి అది మంచిదే. సోర్స్‌ని మార్చడానికి పార్సర్ బదులు ఎడిటర్ కావాలి, అదీ డీటీడీ చదవడం వచ్చిన ఎడిటర్.

ఈమాక్స్ ఎడిటర్‌లో పీఎస్‌జీఎమ్‌ఎల్ అని ఒక మోడ్ ఉండేది. 1990లలో ఎస్‌జీఎమ్‌ఎల్ పని చేసినవాళ్లకు అన్నం పెట్టింది అదే. అందులో ఎస్‌జీఎమ్‌ఎల్-నార్మలైజ్ అనే కమాండ్ ఉంది. అది డీటీడీ చదివి, మీరు రాయకుండా వదిలేసిన ట్యాగులు ఫైల్లోనే రాసిపెడుతుంది, పేరులేని వాటికి పేర్లు పెడుతుంది. ఎంటిటీ రిఫరెన్సులు, కామెంట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. అమ్మా సుధా, నీకు కావలసింది ఇదే. ముందు కాపీ మీద నడిపి, తేడా చూసుకుని, అప్పుడు అసలు ఫైళ్ల మీదికి వెళ్లు.

ఇది చేశాక కూడా నీ ఫైలు సరైన ఎస్‌జీఎమ్‌ఎల్‌గానే ఉంటుంది. జేడ్ మెషీన్ ఎప్పటిలాగే పీడీఎఫ్ ఇస్తుంది. ఆ తర్వాత ట్యాగులు చిన్నక్షరాల్లోకి మార్చు, కోట్స్ పెట్టు. అప్పటికీ అది ఎస్‌జీఎమ్‌ఎలే. అంటే ఫైలు రోజురోజుకీ ఎక్స్‌ఎమ్‌ఎల్‌కి దగ్గరవుతుంటుంది, పాత బిల్డ్ మాత్రం తెగదు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు గానీ ఈ పనిలో చివరిదాకా పెట్టాల్సిందే. చివర్న ఒక్కచోటే కుదరదు. ఎక్స్‌రెఫ్, కోల్‌స్పెక్, గ్రాఫిక్ లాంటి ఖాళీ ఎలిమెంట్లు (లోపల టెక్స్ట్ ఉండని ట్యాగులు). ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో వాటి చివర స్లాష్ ఉండాలి. పాత ఎస్‌జీఎమ్‌ఎల్‌లో ఆ స్లాష్‌కి వేరే అర్థం ఉంది, దాని తర్వాత వచ్చే గ్రేటర్‌దన్ గుర్తు మామూలు అక్షరంగా పేజీలో పడుతుంది. కాబట్టి అది మాత్రం ఆఖరి రోజున, డాక్‌టైప్ (ఫైలు ఏ రకమో మొదట్లోనే చెప్పే లైను) మార్చేటప్పుడు చేయండి. అలాంటి ఎలిమెంట్లు డాక్‌బుక్‌లో కొన్నే. ఆ పనికి రాజుగారి రెగెక్స్ హాయిగా సరిపోతుంది.

రెగెక్స్_రాజు

హమ్మయ్య, మనకీ ఒక ఉద్యోగం దొరికింది.

హైమ_వెబ్ (మారతహళ్లి)

తాతయ్యగారు చెప్పిన స్లాష్ సంగతి వెబ్‌లో ఇంకో రకంగా జరిగింది. 2000 జనవరిలో ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ 1.0 (ఎక్స్‌ఎమ్‌ఎల్ నియమాలతో రాసే హెచ్‌టీఎమ్‌ఎల్) వచ్చినప్పుడు ఆ స్పెసిఫికేషన్ చివర అపెండిక్స్ సి అని పెట్టారు. అప్పటికే జనం వాడుతున్న బ్రౌజర్లలో కొత్త పేజీలు పగలకుండా ఎలా రాయాలో అందులో ఉంది. లైను విరిచే బీఆర్ ట్యాగులో స్లాష్‌కి ముందు ఒక ఖాళీ వదలమన్నారు. పాత బ్రౌజర్ ఆ స్లాష్‌ని ఏదో తెలియని యాట్రిబ్యూట్ అనుకుని వదిలేసేది. హెచ్‌టీఎమ్‌ఎల్ 4 కాగితం మీద ఎస్‌జీఎమ్‌ఎలే కాబట్టి, శాస్త్ర ప్రకారం ఆ పేజీలో ప్రతి లైన్ బ్రేక్ దగ్గరా ఒక గ్రేటర్‌దన్ గుర్తు కనిపించాలి. ఏ పెద్ద బ్రౌజరూ ఎస్‌జీఎమ్‌ఎల్‌ని శాస్త్ర ప్రకారం చదవలేదు కాబట్టి బతికిపోయాం. పాత సాఫ్ట్‌వేర్ నిక్కచ్చిగా ఉండటం వల్ల కొన్నిచోట్ల మేలు, చూసీచూడనట్టు పోవడం వల్ల ఇంకొన్నిచోట్ల మేలు.

సుధగారూ, హెల్ప్ సైట్ సంగతి అడగండి. ఆ పని నాకు అలవాటే.

సుధ_డాక్స్

అడగబోతున్నాను హైమగారూ. హెచ్‌టీఎమ్‌ఎల్ 4.01 ట్రాన్సిషనల్. ఫాంట్ ట్యాగులు, సెంటర్ ట్యాగులు, లేఔట్ కోసం టేబుల్లో టేబుల్. కొన్ని పేజీలు వర్డ్‌లోంచి సేవ్ చేసినవి, వాటి సోర్స్ చూస్తే భయమేస్తుంది. హెచ్‌టీఎమ్‌ఎల్5 లోకి రావాలి.

హైమ_వెబ్

హెచ్‌టీఎమ్‌ఎల్ టైడీ వాడండి. డబ్ల్యూ3సీలో (వెబ్ ప్రమాణాల సంస్థ) ఉండగా డేవ్ రాగెట్ రాసిన ప్రోగ్రాం, 1990ల చివరిది. గజిబిజి హెచ్‌టీఎమ్‌ఎల్‌ని సరిచేసి, అడిగితే ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్‌గా ఇస్తుంది. తర్వాత వాలంటీర్లు దాన్ని నడుపుకొచ్చారు, 2015లో టైడీ 5 హెచ్‌టీఎమ్‌ఎల్5 ట్యాగులు కూడా నేర్చుకుని వచ్చింది. వర్డ్ చెత్త ఊడ్చడానికి వర్డ్-2000 అనే ఆప్షన్ విడిగా ఉంది. పేరు చూసి నవ్వకండి, మీ పేజీలు ఆ కాలానివే.

మొదటిసారి నడిపేటప్పుడు వ్రాప్‌ని సున్నా చేయండి. లేకపోతే 68 అక్షరాలకొకసారి లైను విరిచేస్తుంది, గిట్‌లో డిఫ్ (పాత, కొత్త ఫైళ్ల తేడా) చూస్తే పేజీ మొత్తం ఎర్రగా కనిపిస్తుంది. టైడీ చేసిన సర్దుబాటు మొత్తాన్ని విడిగా ఒక కమిట్‌గా పెట్టండి. అందులో మీ చేతి మార్పు ఒక్కటీ కలవకూడదు.

తర్వాత నేరుగా హెచ్‌టీఎమ్‌ఎల్5 లోకి దూకొద్దు. ముందు ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ చేయండి. అది చచ్చిన దారి కదా అంటారేమో. నిజమే, ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ 2 పని 2009 చివరితో ఆపేశారు, 2014 అక్టోబరులో డబ్ల్యూ3సీ హెచ్‌టీఎమ్‌ఎల్5నే ప్రమాణం చేసింది. కానీ మనం అక్కడ కాపురం ఉండబోవట్లేదు. పేజీ ఒకసారి సరైన ఎక్స్‌ఎమ్‌ఎల్ అయితే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాసెసర్ దాన్ని చదవగలదు. హెడర్, మెనూ, ఫుటర్ తీసేసి కంటెంట్ మాత్రం పట్టుకోవడం, సెంటర్ ట్యాగుకి బదులు క్లాస్ పెట్టడం, లింకులకు వాడే "ఎ" అనే ట్యాగులో నేమ్‌ని ఐడీ చేయడం, అన్నీ ఒక స్టైల్‌షీట్‌తో సైట్ మొత్తానికీ అయిపోతాయి.

చివర హెచ్‌టీఎమ్‌ఎల్5గా బయటికి రాయాలి కదా. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 అనేది 1999 నాటిది, హెచ్‌టీఎమ్‌ఎల్5 పొట్టి డాక్‌టైప్‌ని మామూలుగా రాయలేదు, దానికి ఏదో ఒక ఐడెంటిఫయర్ ఇవ్వాల్సిందే. స్పెసిఫికేషన్ రాసినవాళ్లు దీన్ని ముందే ఆలోచించారు. డాక్‌టైప్‌లో సిస్టం ఐడెంటిఫయర్‌గా "అబౌట్ కోలన్ లెగసీ-కంపాట్" అని పెడితే అది కూడా చెల్లే హెచ్‌టీఎమ్‌ఎల్5 డాక్‌టైపే. పొట్టిది రాయలేని పాత టూల్స్ కోసమే అది పెట్టారు. ఈ రకం పెద్దమనసు ప్రమాణాల్లో అరుదు.

నరసరావుపేట_నాని (కేఆర్ పురం)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాదీ ఇలాంటి గొడవే, కానీ తెలుగు. ఇక్కడి ఒక తెలుగు సంఘం పాత వెబ్‌సైటు, యూనికోడ్ రాకముందు ఒక ఫాంటులో చేసింది. సంచికలు, కథలు, పద్యాలు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఆ ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త. హైమగారు చెప్పినట్టు టైడీ నడిపేసి, తర్వాత యూనికోడ్ చేద్దామనుకుంటున్నా. సరేనా?

హైమ_వెబ్

ఆగండి ఆగండి! క్లీన్ ఆప్షన్‌తో టైడీ నడపొద్దు.

పాతపెట్టె

హైమగారు ఆపి మంచిపని చేశారు. నానిగారూ, కారణం వినండి. మీ పేజీలో ఏ ముక్క తెలుగు, ఏ ముక్క నిజంగానే ఇంగ్లీషు అని చెప్పేది ఒక్కటే, ఆ ఫాంట్ ట్యాగులోని ఫేస్, అంటే ఫాంటు పేరు. అది తప్ప ఇంకో ఆనవాలు లేదు. టైడీ దృష్టిలో ఫాంట్ ట్యాగ్ అంటే పాత చెత్త. క్లీన్ చేయమంటే దాన్ని తీసేసి స్టైల్‌లోకి మార్చి, సి1, సి2 అని క్లాసులు పెడుతుంది. ఫాంటు పేరు చూసి పనిచేసే కన్వర్టర్‌కి ఇక ఏదీ తెలుగులా కనబడదు.

రెండో ప్రమాదం బైట్లది. ఆ ఫాంట్లు 128 పైన ఉన్న స్థానాలను కూడా తెలుగు ముక్కలకు వాడుకున్నాయి. టైడీ 5 మీరు ఏమీ చెప్పకపోతే ఫైలు యూటీఎఫ్-8 అనుకుంటుంది. చెల్లని బైట్లు కనబడితే పారేస్తుంది, లేకపోతే మార్చేస్తుంది. ఒక వత్తు పోయినా పద్యం పాడవుతుంది.

అందుకని మీకు వరస తిరగబడాలి. మొదట యూనికోడ్, తర్వాత టైడీ. యూనికోడ్ చేయడానికి పద్మ గుర్తుందా? ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్‌గా వచ్చేది, అప్పటి తెలుగు పత్రికల ఫాంట్లను చదివి యూనికోడ్‌లో చూపించేది. మీ ఫాంటు దాని జాబితాలో ఉంటే మీ పని సగం అయినట్టే.

నరసరావుపేట_నాని

ఉంది సార్, చూశాను. కానీ 2017లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చాక పాతరకం ఎక్స్‌టెన్షన్లు పనిచేయడం మానేశాయి కదా?

పాతపెట్టె

ఒక వర్చువల్ మెషీన్‌లో 57 కంటే ముందటి ఫైర్‌ఫాక్స్ వేసుకోండి. దానికి ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకండి. అంత పాత బ్రౌజర్‌తో బయట తిరగకూడదు. మీ ఫైళ్లు లోకల్‌గా తెరిస్తే చాలు.

బ్రౌజర్ బయట పనిచేసే స్క్రిప్టు రాసుకోవాలనుకుంటే పద్మలోని పట్టికలే మీకు ఆస్తి. ఏళ్ల కష్టం అది. తెలుగు ఫాంటు ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు ఇవ్వలేదు, తలకట్టు వేరు, కొమ్ము వేరు, వత్తు వేరు, దీర్ఘం వేరు. పాత టైపింగ్ పద్ధతిలో కంటికి కనిపించే వరసలో ముక్కలు పేర్చుకుంటూ పోయారు. యూనికోడ్‌కి కావలసింది పలికే వరస. "ప్రజ" అనే మాట చూడండి. చాలా ఫాంట్లలో క్రావడి ముక్క ముందు, "ప" తర్వాత. యూనికోడ్‌లో "ప" ముందు, తర్వాత పొల్లు, తర్వాత "ర". నంబరుకి నంబరు మారిస్తే చాలదు, జరిపి కూర్చోబెట్టాలి. ఆ జరపడమెలాగో పాత కన్వర్టర్లకు తెలుసు. మళ్లీ మొదటినుంచి కనిపెట్టాల్సిన పని లేదు.

వైట్‌ఫీల్డ్_వాసు

ఇది నిజంగా బాగుంది. పైన నేనన్న రిస్క్ మాట వెనక్కి తీసుకోవట్లేదు గానీ, ఒక ప్రశ్న. మార్చాక మొత్తం సరిగ్గానే వచ్చిందని ఎలా తేలుస్తారు? నాలుగొందల పేజీలు కళ్లతో చదవలేం కదా. కిరణ్ నన్నడిగిన ప్రశ్నే మీ టూల్స్‌ని నేను అడుగుతున్నా.

పాతపెట్టె

మంచి ప్రశ్న. దీనికీ ఓఎన్‌ఎస్‌జీఎమ్‌ఎల్‌ఎస్ ఉంది. అవుట్‌పుట్ ఆపకుండా నడిపితే ఫైలులోని నిర్మాణాన్ని వరసకొకటి చొప్పున రాస్తుంది. ఎలిమెంట్ మొదలైతే తెరిచే బ్రాకెట్, ముగిస్తే మూసే బ్రాకెట్, యాట్రిబ్యూట్‌కి "ఎ", మామూలు టెక్స్ట్‌కి ఒక అడ్డగీత. ఎక్స్‌ఎమ్‌ఎల్ డిక్లరేషన్ ఫైలు ముందు ఇస్తే అదే ప్రోగ్రాం ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని కూడా చదువుతుంది. కాబట్టి పాత ఎస్‌జీఎమ్‌ఎల్‌ని ఒకసారి, ఎక్స్‌ఎమ్‌ఎల్ చేసినదాన్ని ఒకసారి దానిగుండా పంపి, పేర్లన్నీ చిన్నక్షరాలు చేసి, రెండిటికీ డిఫ్ పెట్టండి. అందులో మీరు ఊహించని తేడా ఒక్కటి ఉన్నా దొరికిపోతుంది. మార్చింది స్క్రిప్టా, ఏఐనా, వెండరా అన్నదానితో దీనికి పని లేదు. ఎవరు మార్చినా ఈ పరీక్ష పెట్టొచ్చు.

వైట్‌ఫీల్డ్_వాసు

అయితే ఏఐ చేసినదానికీ ఇదే పరీక్ష పెడతా. నా దారి కూడా మూసుకుపోలేదన్నమాట.

కడప_కిరణ్

పెట్టి ఫలితం ఇక్కడ చెప్పు అన్నా. డిఫ్ ఖాళీగా వస్తే నీకు మారతహళ్లిలో రాగి సంకటి, నాటుకోడి పులుసు నా లెక్కలో.

సుధ_డాక్స్

అప్‌డేట్. రెండు పుస్తకాలు పీఎస్‌జీఎమ్‌ఎల్‌తో నార్మలైజ్ అయ్యాయి. పాత మెషీన్ పీడీఎఫ్ ముందున్నట్టే ఇస్తోంది. రాజుగారి స్క్రిప్టు ఖాళీ ఎలిమెంట్లకు స్లాష్‌లు పెట్టేసింది (ధన్యవాదాలు!). పాతపెట్టెగారి డిఫ్‌లో కొన్ని తేడాలు వచ్చాయి, చూస్తే అవి లైను చివరి ఖాళీలే.

ఇప్పుడు డాక్‌బుక్ 4 ఎక్స్‌ఎమ్‌ఎల్ దాకా వచ్చాను. కస్టమర్‌కి 5 కావాలి. ఇదెంత దూరం?

ఈమాక్స్_తాతయ్య

దగ్గరే. 2009లో డాక్‌బుక్ 5 ఓయాసిస్ అనే సంస్థ ప్రమాణమైంది. దానికి డీటీడీ ముఖ్యం కాదు, రిలాక్స్ ఎన్‌జీ స్కీమా (నియమాలు రాసే ఇంకో పద్ధతి) ముఖ్యం, ఎలిమెంట్లకు నేమ్‌స్పేస్ వచ్చింది. ఐడీ కాస్తా ఎక్స్‌ఎమ్‌ఎల్:ఐడీ అయింది. బుక్‌ఇన్ఫో, ఆర్టికల్‌ఇన్ఫో, చాప్టర్‌ఇన్ఫో అన్నీ కలిసి ఒట్టి ఇన్ఫో అయ్యాయి. యూలింక్ పోయి లింక్ వచ్చింది. డాక్‌బుక్ వాళ్లే డీబీ4-అప్‌గ్రేడ్ అనే ఎక్స్‌ఎస్‌ఎల్ స్టైల్‌షీట్ ఇచ్చారు, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌తో నడిపితే మార్చేస్తుంది. తనకు తేల్చుకోవడం రాని చోట మెసేజ్ ఇస్తుంది, వాటిని దాటేయకుండా చదువు.

ఒక జాగ్రత్త. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ కూడా పార్సర్ మీదే కూర్చుంటుంది కాబట్టి నీ ప్రోడక్ట్ ఎంటిటీని మళ్లీ విప్పేస్తుంది. నడిపే ముందు సెడ్ కమాండ్‌తో ప్రతి ఆంపర్‌సాండ్‌నీ ఫైల్లో మరెక్కడా లేని ఒక గుర్తుగా మార్చు. అయ్యాక తిరిగి ఆంపర్‌సాండ్ చెయ్యి. డాక్‌టైప్‌లో రాసుకున్న ఎంటిటీ డిక్లరేషన్లు అవుట్‌పుట్‌లో రావు, వాటిని చేత్తో తెచ్చి పెట్టుకోవాలి. వచ్చినదాన్ని జింగ్‌తో (ఫైలు స్కీమా ప్రకారం ఉందో లేదో చూసే ప్రోగ్రాం) వాలిడేట్ చెయ్యి. జింగ్ రాసింది ఎవరో చెప్పుకో చూద్దాం.

సుధ_డాక్స్

మళ్లీ జేమ్స్ క్లార్కేనా!

ఈమాక్స్_తాతయ్య

ఆయనే. గ్రాఫ్ కూడా ఆయనదే, నువ్వు లినక్స్‌లో మ్యాన్ పేజీ తెరిచిన ప్రతిసారీ తెర మీద పేర్చిపెట్టేది.

సుధ_డాక్స్

ఆఖరి ప్రశ్న. మార్పంతా అయ్యాక ఆ పాత మెషీన్ తీసేయొచ్చా? ఐటీ వాళ్లు అప్పుడే స్టిక్కర్ అంటించేశారు.

పాతపెట్టె

తీసేసే ముందు దాని హార్డ్‌డిస్క్ ఇమేజ్ ఒకటి తీసుకోండి. క్యాటలాగులు, మీవాళ్లు మార్చుకున్న డీటీడీ, డీఎస్‌ఎస్‌ఎస్‌ఎల్ స్టైల్‌షీట్లు ఇంకెక్కడా ఉండకపోవచ్చు. పాత విడుదలల మాన్యువల్ ఏదో ఒక కస్టమర్ అడగక మానడు. ఓపెన్‌ఎస్పీ, ఓపెన్‌జేడ్, ఆ డీటీడీలు కలిపి ఒక కంటైనర్ చేసి, కొత్త బిల్డ్ సర్వర్‌లో పెట్టండి. ఏదైనా ఒక పాత పుస్తకం అందులో బిల్డ్ చేసి, ఇప్పటి పీడీఎఫ్‌తో పోల్చి చూశాకే ఐటీ వాళ్లను రమ్మనండి.